కొండగుర్రానికి పెట్టిన దాణా

కలప అడితిలో దుంగలు లాగడమే ఆ ఇంటివాళ్ల బతుకుతెరువు. పెద్దకోడలిది నిగనిగలాడే పొడుగు గుర్రం. వీధిలో నడిపించుకు వెళ్తుంటే జనం ఆగి చూసేవారు. చిన్నకోడలు కాపురానికి వస్తూ పుట్టింటి నుంచి ఓ పొట్టి కొండగుర్రాన్ని తోలుకొచ్చింది. చిక్కుపడిన జూలు, బానపొట్ట, గిట్టల మీదికి వేలాడే బొచ్చు.

"ఇది గుర్రమా, మేకా?" అని పెద్దకోడలు నలుగురిలో నవ్వింది.

ఆ నవ్వు వానలు పడేదాకానే నిలిచింది. బురదలో పొడుగు గుర్రం మోకాళ్లదాకా దిగబడి రొప్పుతుంటే, పొట్టిది తల వంచుకుని, చిన్న చిన్న గిట్టలతో గట్టినేల వెతుక్కుంటూ దుంగను లాక్కుపోయింది. అడితి యజమాని బరువు పనులన్నీ దానికే పురమాయించాడు.

"దీని పూర్వీకులు కొండదారుల్లో మూటలు మోసినవి అక్కా," అంది చిన్నకోడలు. "ముసలివనీ కుంటివనీ వర్తకులు వదిలేసి పోతే, మంచు తవ్వి గడ్డి తిన్నవే బతికాయట. మా నాన్న చెప్పేవాడు."

ఎవరు ఆ గుర్రాన్ని మెచ్చుకున్నా పెద్దకోడలికి ఒళ్లు మండిపోయేది. చివరికి పొడుగుదాన్ని అమ్మేసి, తనూ ఓ కొండగుర్రాన్ని తెచ్చుకుంది. తోడికోడలిదానికంటే తనది బలంగా ఉండాలి. అది ఎండుగడ్డి నములుతుంటే తనదానికి బుట్టెడు దాణా, మోపెడు పచ్చగడ్డి.

"చూస్తూ ఉండండి, దాన్ని తలదన్నేలా చేస్తాను," అంది మొగుడితో.

నెల తిరక్కుండానే ఆ గుర్రం అడుగు తీసి అడుగు వేయలేకపోయింది. ముందుకాళ్లు చాపి, బరువంతా వెనక్కి వేసి నిలబడింది. గిట్టలు ముట్టుకుంటే కాలిపోతున్నాయి. పెద్దకోడలు సిగ్గు చంపుకుని చిన్నకోడలిని పిలిచింది.

"ఏం పెట్టావక్కా?"

"నీదానికంటే ఎక్కువే పెట్టాను."

"ఇది ఆకలికి అలవాటుపడ్డ జాతి. మేపు ఎక్కువైతే కాళ్లు పోతాయి."

దాణా మానేసి, గుర్రాన్ని చల్లని నీళ్లలో నిలబెట్టారు. చిన్నకోడలు రోజూ పొద్దున్నే వచ్చి గిట్టలు తడిమి చూసేది. గుర్రం కోలుకుంది కాని, పెద్ద దుంగలకు మళ్లీ పనికిరాలేదు. కొమ్మలూ రెమ్మలూ లాగేది.

పెద్దకోడలికి కుళ్లు మాత్రం తగ్గలేదు. పైగా ఇప్పుడు చిన్నకోడలి గొంతు వినబడితే చాలు, తన గుర్రం కూడా చెవులు నిక్కించేది.

"మేపేది నేను, మాలిమి ఆ తోడికోడలికి," అని గొణుక్కుంటూ, ఎండుగడ్డి గుప్పెడు కూడా ఎక్కువ కాకుండా వేసేది.