సగం చదివిన బోర్డు

నా చిన్నప్పుడు నాకు ఇంగ్లీషు సగమే వచ్చేది. ఇప్పుడు పూర్తిగా వచ్చేసిందని చెప్పను గానీ, అప్పటి సగానికి ఒక ప్రత్యేకత ఉంది. ఆ సగంతో నేను మా తమ్ముడి ప్రాణం తీయబోయాను.

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో మాది రెండు గదుల ఇల్లు. నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. నాకు ఎనిమిదేళ్లు, తమ్ముడికి నాలుగేళ్లు ఉన్నప్పుడు అమ్మ మూడో కాన్పుకని శ్రీకాకుళం దగ్గర పుట్టింటికి వెళ్లింది. మా ఇద్దరినీ నాయనమ్మకు అప్పజెప్పింది. నాయనమ్మకు చదువు రాదు. అందుకే చదువంటే ఆమెకు భయమూ ఎక్కువే, నమ్మకమూ ఎక్కువే. నేను సబ్బు కాగితం మీది అక్షరాలు కూడబలుక్కుంటూ చదివినా వేదం విన్నట్టు వినేది. ఇంట్లో అలాంటి శ్రోత ఉంటే ఎవరికైనా తల తిరుగుతుంది. నాకు బాగానే తిరిగింది.

ఆ ఏడాది చలి తగ్గే రోజుల్లో మా పక్క క్వార్టర్ల లైనులో ఒక పసిబిడ్డకు జబ్బు చేస్తే రైల్వే ఆసుపత్రిలో చేర్చారు. చూడటానికి వెళుతూ నాయనమ్మ నన్నూ వెంటబెట్టుకుంది. పొడవాటి వరండా, ఫినాయిల్ వాసన, చివర్న మూసిన ఆకుపచ్చ తలుపు, దాని మీద నల్ల బోర్డు.

"ఏటి రాసినారే?" అంది నాయనమ్మ.

మెడ ఎత్తి మొదటి నాలుగు అక్షరాలు పట్టుకున్నాను. పి, ఎ, ఇ, డి. "పేడ" అన్నాను. ఆసుపత్రిలో పేడేమిటని నాయనమ్మకు అనుమానం వచ్చింది. అంతలో ఒక నర్సు దీదీ ఎవరికో దారి చూపిస్తూ 'పీడియాట్రిక్' అనడం నా చెవిన పడింది. వెంటనే పండితురాలిలా దిద్దుకున్నాను. "పేడ కాదు నాయనమ్మా, పీడ. పీడ వార్డు."

మిగతా అక్షరాల జోలికి పోలేదు. పెద్ద మాటల్లో మొదటి ముక్క చదివితే చాలన్నది అప్పట్లో నా సిద్ధాంతం.

నాయనమ్మ ముఖం నల్లబడింది. లోపలికి అడుగు పెట్టకుండానే నా రెక్క పట్టుకుని వెనక్కి తిరిగింది. రెండు రోజుల తరవాత ఆ పసిబిడ్డను తెల్లగుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చారు. చాలా ఆలస్యంగా తీసుకెళ్లారని ఆసుపత్రి వాళ్లు చెప్పారట. మా లైన్లలో పాకిన మాట మాత్రం వేరు. ఆ తలుపు దాటితే పీడ పట్టుకుంటుందట, ఆ సంగతి బోర్డు రాసి మరీ పెట్టారట. 'ఫిట్టరుగారి గుంట చదివింది' అని ఆ వార్త నా పేరు మీదే తిరిగింది. నేనూ గర్వంగానే తిరిగాను.

కాల్‌బైశాఖి అనే వేసవి తుపాను గాలులు మొదలైన వారం మా తమ్ముడికి జ్వరం వచ్చింది. నాన్న ఇంట్లో లేడు. ఎక్కడో పట్టాలు తప్పిన వ్యాగన్లు ఎత్తడానికి బ్రేక్‌డౌన్ బండితో వెళ్లాడు. మొదటి రోజు తమ్ముడు గొంతు నొప్పన్నాడు. రెండో రోజు మాట్లాడటం మానేశాడు. మూడో రోజుకు మెడ ఉబ్బిపోయింది. వాడు ఊపిరి తీసుకుంటుంటే ఇంజన్లో ఎక్కడో ఆవిరి సన్నగా కారుతున్నట్టు చప్పుడయ్యేది. నాయనమ్మ మిరియాల కషాయం పట్టింది, గుమ్మానికి వేపమండలు కట్టింది, దిష్టి తీసింది. ఎవరైనా ఆసుపత్రి మాట ఎత్తితే కొంగు బిగించి గుమ్మానికి అడ్డంగా కూర్చునేది.

"ఆ పీడ వార్డుకేటి? నా పేనం ఉండగా పంపను. మా గుంట కళ్లారా సదివింది."

నేను వాడి మంచం పక్కన నిలబడి ఆ చప్పుడు వింటూ ఉన్నాను. బోర్డు మీద ఆ నాలుగు అక్షరాల తరవాత ఇంకా బోలెడు అక్షరాలు ఉన్నాయని నాకు తెలుసు. అవేమిటో తెలియదు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. వేదం చదివిన నోరు కదా.

మధ్యాహ్నం సైరన్ మోగేసరికి ఆకాశం ఇనుప తుప్పు రంగులోకి తిరిగింది. ఎర్రమట్టి దుమ్ము లేచి ఎదురు లైను కనిపించకుండా పోయింది. కాకులు అరవడం మానేశాయి. ఆ నిశ్శబ్దంలో మా తమ్ముడి గొంతు చప్పుడు మరీ పెద్దగా వినిపించింది. తరవాత ఒక్క క్షణం అదీ ఆగింది. చూస్తే వాడి పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి. మళ్లీ ఊపిరి అందుకున్నాడు గానీ నేను ఆగలేదు. పక్కింటికి పరుగెత్తాను.

పక్కింటి అక్క ఆ ఆసుపత్రిలోనే ఆయా. దండెం మీది బట్టలు తీస్తోంది. నేను ఏడుస్తూ, "అక్కా, నేను సగమే చదివాను" అన్నాను. ఆమెకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక తిట్టలేదు. ఏ బోర్డు కింద ఊడుస్తుందో ఆ బోర్డు అర్థమేమిటో బెంగాలీ డాక్టరుగారిని అడిగి తెలుసుకోవడం ఆమెకు అలవాటు. వెనకటి గ్రీకు వాళ్లు వైద్యుణ్ని 'ఇయాట్రోస్' అనేవారట. ఆ తోక ఉన్న మాటలన్నిటికీ డాక్టరే ఇంటిపేరు అని నాతో నడుస్తూనే చెప్పింది. పిల్లలకైతే పీడియాట్రిక్, మనసుకైతే సైకియాట్రిక్. ఆ రెండోది సైకిళ్ల షెడ్డని నేను అదివరకే మా వీధిలో చెప్పి ఉన్నాను. ఆ సంగతి అక్కకు చెప్పలేదు.

అక్క తమ్ముణ్ని ఒక్కసారి చూసింది. గుమ్మంలో ఉన్న నాయనమ్మ వైపు తిరిగింది. ముందు నిజమే చెప్పి చూసింది.

"మామ్మా, గ్రీకోళ్ల బాసలో అది పిల్లల డాట్రు అని అర్దం."

"గ్రీకోళ్లెవులే? ఏ లైన్లో ఉంటారు?" అంది నాయనమ్మ.

అక్క ఇంకేమీ వాదించలేదు. వెళ్లి గుమ్మంలో నాయనమ్మ పక్కనే కూర్చుంది. గొంతు తగ్గించింది.

"సరే మామ్మా. నువ్వన్నదే. అది పీడే. కానీ ఈ గుంట సగమే సదివింది. బోర్డంతా కలిపి ఏటో తెలుసునా? పీడ యాత్రిక్."

"అంటే?"

"టేసన్లో మైకులో రోజూ పిలుస్తారు కదా, యాత్రీ, యాత్రీ అని. ఎవుల్ని?"

"పాసింజర్లని."

"అదీ. పీడని బండెక్కించీసే వార్డు అది. ఇంట్లోనే ఉంచితే ఇక్కడే ఎయిటింగ్ రూములో కూసున్నట్టు కూసుంటాది. ఎవుల్ని తోడు తీసుకుపోవాలా అని సూస్తాది."

నాయనమ్మ తల తిప్పి నా వైపు చూసింది. "నిజమేనేటే? సగమే సదివినావా?"

నా జీవితంలో అంత కష్టమైన ప్రశ్న ఏ పరీక్షలోనూ రాలేదు. "అవును నాయనమ్మా. సగమే."

కొడుకు రైల్వేలో చేరిన నాటి నుంచి పాసులూ టికెట్లతో బతికిన మనిషి ఆమె. లేచింది. ట్రంకుపెట్టె తెరిచి, దాచుకున్న పాత అట్ట టికెట్టు ఒకటి తీసి తమ్ముడి గుప్పిట్లో పెట్టింది. "సింగిలు టికెట్టే. రిటన్ లేదు. పీడ పోవాల" అంది. ఆ ఒంటిదారి టికెట్టు పీడ చేతిలో లేదని, తమ్ముడి చేతిలో ఉందని నాకు తట్టింది. ఈసారి నోరు మూసుకున్నాను.

"జల్దీ చలో దాదా" అంటూ అక్క రిక్షా తోలించింది. దుమ్ము కళ్లల్లో కొడుతుంటే నాయనమ్మ వాడి ముఖం మీద కొంగు కప్పింది. ఆ కొంగు కదులుతోందా లేదా అని దారి పొడుగునా నేను చూస్తూనే ఉన్నాను. ఆకుపచ్చ తలుపు తెరుచుకుని వాణ్ని మింగేసింది. బెంగాలీ డాక్టరుగారు గొంతుకు కన్నం పెట్టి గొట్టం వేశారు. ఆ జబ్బు డిఫ్తీరియా, దాన్ని తెలుగు పుస్తకాల్లో కంఠసర్పి అంటారని చాలా ఏళ్లకు చదివాను. ఆ మాటను మాత్రం చివరిదాకా చదివాను. బయటికొచ్చి ఆయన, "ఇంకో గంట ఆగి ఉంటే..." అని వదిలేశారు. ఆయనా సగమే చెప్పారు. మిగతా సగం నేను చదువుకోగలిగాను.

తమ్ముడు బతికాడు. గొంతు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు, జీర మిగిలిపోయింది. వైద్యుడి చేతుల మీదుగా వచ్చే కీడుకు కూడా అదే ఇంటిపేరుతో ఒక మాట ఉందట, ఇయాట్రోజెనిక్. చదివిన మనిషి నోటి మీదుగా వచ్చే కీడుకు గ్రీకు వాళ్లు ఏం పేరు పెట్టారో నాకు తెలియదు. మా ఇంట్లో అయితే వాడు మాట్లాడినప్పుడల్లా అది వినిపిస్తుంది.

మొన్నీమధ్య వాడికి మళ్లీ ఊపిరి ఇబ్బంది మొదలైంది. ఖరగ్‌పూర్‌లోనే తాల్‌బగీచాలో ఉన్న వాడి ఇంటి నుంచి నేనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. మళ్లీ వరండా, మళ్లీ చివర్న మూసిన తలుపు, మళ్లీ బోర్డు. వాడికి ఇంగ్లీషు నాకంటే బాగా వచ్చు. అయినా చక్రాల కుర్చీలోంచి తల ఎత్తి, అచ్చం నాయనమ్మలా అడిగాడు.

"ఏటి రాసినారక్కా?"

ఒక్కొక్క అక్షరం మీదా వేలు పెట్టినట్టు చివరిదాకా చదివాను. "జీరియాట్రిక్. ముసలాళ్ల డాక్టరు."

"జీర యాత్రిక్కా? అయితే నా పేరే రాసినారు" అని నవ్వబోయి దగ్గాడు. దగ్గు చాలాసేపు ఆగలేదు. తగ్గాక, "టికెట్టు ఉందా?" అన్నాడు.

ఆ అట్ట టికెట్టు ఆ రోజు వాడి గుప్పిట్లోంచి జారితే నేనే తీసి దాచాను. ఇప్పటికీ నా పర్సులోనే ఉంటుంది. తీసి చూపించాను. 'ఖరగ్‌పూర్' ఒక్కటే కనబడుతుంది. రెండో ఊరు పేరు ఎప్పుడో చెరిగిపోయింది. ఖరగ్‌పూర్ నుంచి వెళ్లేదో, ఖరగ్‌పూర్‌కు వచ్చేదో తెలియదు.

"రాకా, పోకా? సదివి సెప్పు" అన్నాడు.

తలుపు తెరుచుకుంది. లోపలి నుంచి వాడి పేరు పిలిచారు. నాకు ఏదో ఒకటి చదివెయ్యాలనిపించింది. రాక అని చెబితే వాడు నమ్ముతాడు కూడా.

"సగమే కనబడుతోందిరా" అన్నాను, వాడి కుర్చీని ముందుకు తోస్తూ.