అమాస అంచు

మొన్న ఆదివారం నా మనవరాలు మంచం మీద నా పక్కన కూర్చుని, వరసగా మూడు రోజులు సెలవులొస్తున్నాయని, ఎక్కడికి పోవాలో, పోయి ఏం చేయాలో సెల్‌ఫోనులో వెతుకుతూ ఒక్కొక్క బొమ్మా నాకు చూపించింది. నీలం సముద్రాలు, కొబ్బరిచెట్ల మధ్య ఊయలలు, నీళ్ల మీద తేలే పడవ ఇళ్లు, ఏ ఊళ్లో ఏది తినాలో, ఎన్ని గంటలకు ఎక్కడ నిలబడితే పొద్దు బాగా కనిపిస్తుందో కూడా అందులో రాసిపెట్టి ఉంది. అన్నీ చూపించాక, "అవ్వా, నువ్వెప్పుడన్నా టూరు పోయినావా?" అని అడిగింది. పోయానన్నాను. ఎక్కడికంటే పెనుగొండకు, హిందూపురానికి, లేపాక్షికి అని చెప్పాను. పిల్ల పకపకా నవ్వింది. ధర్మవరంలో ఉండేవాళ్లకు అవి కూడా టూర్లేనా, పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి అన్నీ చూసుకుని రావచ్చు కదా అని దాని నవ్వు. నవ్వనీ పాపం. నా ఈడు ఆడవాళ్లయితే నవ్వరు. ఇల్లు దాటి ఒక్క రోజు మన కోసం మనం పోవడానికి ఎంత పోరు జరిగేదో వాళ్లకు తెలుసు.

నేను హిందూపురం నుంచి ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటికి కోడలిగా వచ్చినదాన్ని. ముందు గదిలో మూడు గుంట మగ్గాలు. ఒకదాని మీద మా మామ, మిగతా రెండింటి మీద ఆయన కొడుకులిద్దరూ, అంటే మా బావగారూ మా ఆయనా, తెల్లవారింది మొదలు దీపాల వేళ దాకా కాళ్లు గుంటలో పెట్టి కూర్చునేవాళ్లు. పట్టు ఆరేయడం, తెగిన పోగులు అతకడం మా తోడికోడలి పని, నా పని. మా అత్త మాత్రం వెనక గోడకు ఆనుకుని రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టడానికి చిన్న గొట్టాలకు దారం చుట్టిపెట్టాలి, వాటినే కండెలంటాం. మూడు మగ్గాలకు కండెలు అందించడమంటే తల ఎత్తే తీరిక ఉండదు. తాడిమర్రి నుంచి పెళ్లయి వచ్చిన వారంలో ఆ రాట్నం ముందు కూర్చున్న మనిషి, నేను కాపురానికి వచ్చేనాటికి ముప్పై ఏళ్లుగా అక్కడే కూర్చుని ఉంది. పురుళ్లకూ చావులకూ తప్ప గడప దాటింది లేదు. మగ్గం మీద ఎన్నడూ కూర్చున్నదీ లేదు.

నేత ఊళ్లలో అమావాస్య నాడు మగ్గం ఆడదు. ఆ రోజు మగవాళ్లు తలంటు పోసుకుని, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, హోటలుకో మ్యాటినీకో పోయేవాళ్లు. మాకు మాత్రం నెలలో అన్నిటికంటే పని ఎక్కువుండే రోజు అదే. మగ్గాల గుంటలు ఊడ్చాలి, గది అలకాలి, నెల రోజుల దుప్పట్లు ఉతకాలి. పుట్టింట్లో పండగలకూ జాతరలకూ తిరిగి పెరిగిన నాకు అది మహా అన్యాయంగా తోచేది. కొత్త కోడలికి ఉండకూడనంత ధైర్యం నాకు కాస్త ఉండేది కాబట్టి, శ్రావణం చివర్లో ఒకరోజు అందరూ అన్నాలు తింటుండగా, ఈ అమావాస్యకు మనమూ ఎక్కడికన్నా పోదామా అని అత్తను అడిగేశాను.

మామ నవ్వాడు. ఎక్కడికి పోతారమ్మా, పోయి ఏం చేస్తారు అన్నాడు. ఆయనను తప్పు పట్టలేను. ఆ ఏడాది ఇంట్లో ఎవరి మనసూ బాగాలేదు. మేము నేసే మామిడిపిందెల అంచు పాతబడిపోయిందని, పక్క వీధుల్లో కొత్త కొత్త అంచులు దిగుతున్నాయని, వేరేది తెస్తే తప్ప చీరలు తీసుకోలేనని షావుకారు మొహం మీదే చెప్పి పంపాడు. కొత్త అంచు కోసం మామ డిజైన్లు గీసేవాళ్ల చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయి ఉన్నాడు. అటువంటప్పుడు కోడలు షికారు మాట ఎత్తింది.

అప్పుడు మా అత్త, చారు పోస్తున్న గరిటె ఆపకుండానే, "పెనుగొండకు" అంది.

ఎవరి చావుకో రైల్లో పోతూ కిటికీలోంచి ఆ కొండను చూసిందట. పైన కోట గోడలు కనిపించాయట. అక్కడి నుంచి చూస్తే ఎట్లా ఉంటుందో అని అప్పటి నుంచీ ఆమెకు కోరికట. ఆ మాట అంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

"ఆ మోకాళ్లతో కొండెక్కుతావా?" అని మామ ఇంకా గట్టిగా నవ్వి, "కొనదాంకా ఎక్కి రాపో, మళ్లీ అమాస వరకూ నీ రాట్నం నేను తిప్పుతా" అన్నాడు.

"తిప్పుదువులే" అంది అత్త.

అమావాస్య నాడు తెల్లవారకముందే ముగ్గురం పాసింజరు ఎక్కాం. రైలు వేళలు కనుక్కుని చెప్పింది మా ఆయన. అది కూడా తండ్రికి వినపడకుండా, బావి దగ్గర. చిత్రాన్నం మూట, చెంబు, గొడుగు, ఇంతే మా సామాను. పెనుగొండలో దిగి, స్టేషన్ నుంచి ఊళ్లోకి జట్కాలో పోయి, కొండ దారి పట్టేసరికి పొద్దు బాగా పైకి వచ్చింది. వానలు పడ్డ రోజులు. మా సీమలో ఏడాదికి నాలుగు వారాలు మాత్రమే కనిపించే పచ్చదనం ఆ కొండ మీద రాళ్ల సందుల్లోంచి పొంగుకొస్తోంది. దారి పొడుగునా సీతాఫలం చెట్లు. మా తోడికోడలు కనిపించిన ప్రతి కాయనూ నొక్కి చూసేది, పండినది దొరికితే ఒడిలో వేసుకునేది.

సగం దూరం కూడా పోలేదు, ఒక పాత కోటద్వారం దగ్గర అత్త కూలబడిపోయింది. ఏళ్ల తరబడి మడిచి కూర్చున్న కాళ్లు, మోకాలి కింద తిమ్మిరెక్కి మొద్దుబారిపోయాయి. పైగా సన్నటి జల్లు మొదలైంది. తోడికోడలు దిగిపోదామంది. ఈ ప్రయాణం ఎత్తుకున్నది నేను. ఈమెకు ఏమన్నా అయితే ఆ ఇంట్లో నా ముఖం ఎవరికి చూపించాలి? ఏమీ కాకుండా దిగిపోయినా, ఇక మామ నవ్వు జన్మంతా వినాలి. ఇంతలో మేకలు తోలుకుని దిగుతున్న ఒక ముసలాయన ఆగి మమ్మల్ని చూశాడు.

"ఏమమ్మా, ఇంకా శానా దూరం ఉండాది. ఈడనే రొంత సేపు కూచోని దిగిపోండి" అన్నాడు.

అత్త ఆయన వంక తలెత్తి చూసింది. "ముప్పై ఏండ్లు కూచోనే ఉండానప్పా. ఈడ గూడా కూచోమంటావా?" అంది. అని, నా భుజం పట్టుకుని లేచింది. చీర కుచ్చిళ్లు ఎత్తి నడుముకు బిగించి దోపింది. అంతే, మళ్లీ ఆగలేదు. మెట్టున్న చోట మెట్టు ఎక్కింది, మెట్టు లేని చోట రాయి పట్టుకుని చేతులతో పాకింది. వెనక నుంచి మేమిద్దరం గొడుగు పట్టడం మరిచిపోయి తడుస్తూ ఆమెను అందుకోవడానికి ఆయాసపడ్డాం.

కొనకు చేరేసరికి జల్లు వెలిసింది. గాలి మనిషిని తోసేస్తోంది. కింద నిండిన చెరువు, ఎర్ర చేలు, దూరంగా రైలు పట్టాలు, ఇంకా దూరంగా ఒకదాని వెనక ఒకటి కొండలు. అత్త పడిపోయిన ఒక గోడ మీద చెయ్యి ఆనించి చుట్టూ తిరిగి చూసింది. ధర్మవరం ఎటువైపని అడిగింది. ఉత్తరం చూపించాను. ఊరు కనిపించలేదు. ఆమె కాసేపు అటే చూసి, "ఇంతుందామ్మే ఇదంతా!" అని ఉన్నట్టుండి పగలబడి నవ్వింది. ఆమె గొంతు విప్పి నవ్వగా నేను వినడం అదే మొదలు. ముగ్గురం ఆ గోడ మీద కూర్చుని చిత్రాన్నం, సీతాఫలాలు తిన్నాం. చేతులు గోడకే తుడుచుకున్నాం. చిన్నపిల్లల్లాగా గింజలు ఎవరు దూరం ఉమ్ముతారో పందెం వేసుకున్నాం. గెలిచింది అత్తే.

దిగి స్టేషనుకు వచ్చాక అసలు సంగతి జరిగింది. మా రైలుకు ఇంకా సమయముంది. ఈలోగా ఎదురుదిక్కు బండి వచ్చి ఆగింది. "ఇది యాడికి పోతాది?" అని అడిగింది అత్త. హిందూపురానికన్నాను. "మీ అమ్మోళ్ల ఊరేగదా. లేపాక్షి ఆడికి దగ్గరేగదా" అంది. అవునన్నాను. నేను ఆ మాట పూర్తి చేసేలోపల ఆమె బండిలో ఉంది. మా వీధిలో పూలమ్మే ఆమె బుట్టతో ధర్మవరం బండికి కాచుకుని కనిపిస్తే, కిటికీలోంచే కేకలు వేసి, రేపు సాయంత్రానికి వస్తామని ఇంట్లో చెప్పమన్నాం. ఆమె నోరు తెరిచి నిలబడి ఉండగానే బండి కదిలింది.

తడిసి ఆరిన చీరలతో, ముళ్లు గీరుకున్న చేతులతో వియ్యపురాలు గుమ్మంలో నిలబడేసరికి మా అమ్మకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఏదో గొడవై నన్ను దిగబెట్టడానికి వచ్చారనుకుందట! సంగతి తెలిశాక పూర్ణం పెట్టి ఓళిగలు చేసింది. మా అమ్మ మాటల్లో సగం కన్నడం. మా అత్తకు ఒక్క ముక్క రాదు. అయినా వాళ్లిద్దరూ వంటింట్లో కూర్చుని ఏమేమి మాట్లాడుకున్నారో, మమ్మల్ని రానివ్వలేదు.

మరునాడు పొద్దున్నే బస్సులో లేపాక్షి పోయాం. పెద్ద బసవన్న చుట్టూ తిరిగాం. గుళ్లో నేలకు ఆనని స్తంభం కింద అందరూ గుడ్డ దూర్చినట్టే మేమూ కొంగు దూర్చి లాగాం. తర్వాత ఆవరణలో లతామండపం దగ్గరికి వచ్చాం. ఒక్కో స్తంభం మీద ఒక్కో రకం తీగ, పువ్వు, గళ్లు చెక్కి ఉంటాయి. అత్త ఒక స్తంభం ముందు నిలబడిపోయింది. వేళ్లతో రాతిని తడుముతూ ఏదో లెక్క పెట్టుకుంటోంది. చివరికి, ఆ తీగ అంచులో సరిగ్గా పడుతుందని, కాగితం కావాలని అంది.

బయట కొట్లో గళ్ల పుస్తకం దొరకలేదు. గీతల పుస్తకమూ పెన్సిలూ కొనుక్కొచ్చి, నిలువు గీతలు నేనే గీసి, గడికొక పోగు లెక్కన గళ్లు చేశాను. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా ఆమె చెప్పడం, నేను గళ్లు నింపడం. ఈడ నాలుగు పోగులు నింపు, ఆడ రెండు వదులు, ఆకు తిరిగే చోట ఒకటి తగ్గించు, అని ఆమె రాతి మీంచి వేలు తీయకుండా చెప్పేది. అక్షరం రాని మనిషి. మగ్గం ఎక్కని మనిషి. రాట్నం తిప్పుతూనే ముప్పై ఏళ్లుగా మూడు మగ్గాల మీద ఏ పోగు ఎందుకు లేస్తుందో అంతా చూసి తలలో పెట్టుకుందని ఆ రోజు నాకు అర్థమైంది.

సాయంత్రం ధర్మవరంలో దిగేసరికి ప్లాట్‌ఫారం మీద మామ నిలబడి ఉన్నాడు. ముందురోజు నుంచీ ప్రతి బండికీ వచ్చి చూసి పోతున్నాడని తర్వాత తెలిసింది. కేకలు వేస్తాడనుకున్నాం.

"ఎక్కినావా?" అన్నాడు.

"ఎక్కినా" అంది అత్త.

"కొనదాంకా?"

"కొనదాంకా."

ఆయన ఆమె చేతిలోని మూట తీసుకుని ముందు నడిచాడు. మరునాడు పొద్దున మేము లేచేసరికి రాట్నం ముందు కూర్చుని ఉన్నాడు. దారం చిక్కుపడుతోంది, కండెలు వదులుగా వస్తున్నాయి, వీధిలో పోయే మగవాళ్లు కిటికీలోంచి తొంగిచూసి నవ్వుతున్నారు. అయినా మాట తప్పలేదు. మళ్లీ అమావాస్య వరకూ తిప్పాడు. ఆయన మగ్గం ఖాళీగా ఉండటంతో మూడో రోజు మా అత్త పోయి అందులో కూర్చుంది. ఎవరూ లెమ్మనలేదు.

నా గీతల పుస్తకాన్ని మామ డిజైన్లు గీసే పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన కళ్లద్దాలు సరిచేసుకుని, గళ్లన్నీ పెన్సిలు మొనతో లెక్కపెట్టి, ఒక్కచోట తప్పుందన్నాడు. ఆ తప్పు నాది; ఒక నిలువు గీత వంకరగా గీశాను. ఏ పోగు లేవాలో మగ్గానికి తెలిసేటట్టు ఆ గళ్ల ప్రకారం అట్టలకు రంధ్రాలు కొట్టించి, మగ్గానికి ఎక్కించి, అరిటాకు పచ్చ చీరకు మిరపపండు ఎరుపు అంచులో ఆ తీగను నేశారు. షావుకారు చీర విప్పి వెలుగులోకి పట్టుకుని, "ఇది ఎవరు గీసినారప్పా?" అని అడిగాడట. "మా ఇంటామె" అన్నాడట మామ. ఈ మాట ఆయన ఇంటికి వచ్చి మాకు స్వయంగా చెప్పాడు, అదీ రెండుసార్లు చెప్పాడు. ఆ ఏడాది మా మూడు మగ్గాల మీదా అదే అంచు. మా వీధిలో దాన్ని అమాస అంచు అనేవాళ్లు. తర్వాతి అమావాస్యకు స్టేషనులో టిక్కెట్ల దగ్గర నిలబడితే, మా వెనకాల మా వీధి ఆడవాళ్లు ఇంకో తొమ్మిదిమంది ఉన్నారు.

ఇప్పుడు ధర్మవరంలో మరమగ్గాల చప్పుడు ఎక్కువ. వాటికి అమావాస్య లేదు, పౌర్ణమి లేదు. అంచులు కంప్యూటరులో గీస్తున్నారు. మంచిదే, కళ్లకు శ్రమ లేదు. పెనుగొండ కొండ మీదికి బండ్లు కూడా పోతాయని విన్నాను. పిల్లలు ఎంత దూరమైనా పోయి వస్తున్నారు, వాళ్లను అడ్డుకునేవాళ్లు లేరు, అది కూడా మంచిదే. పోయినచోట నిలబడిన ప్రతి క్షణాన్నీ ఫోటో తీసుకుంటున్నారు. మా దగ్గర ఒక్క ఫోటో లేదు. అత్త పోయి చాలా కాలమైంది, తోడికోడలు పోయిన ఏడాది పోయింది. కొండ కొన మీద గాలికి జుట్టు రేగిపోయి, రెండు చేతులకూ సీతాఫలం గుజ్జుతో, నోరారా నవ్వుతున్న మా అత్త ముఖం ఎట్లా ఉండిందో తెలిసినదాన్ని ఇప్పుడు ఈ లోకంలో నేనొక్కదాన్నే.