ఖాళీ మేనా వెనక చినబాబుగారు

ఆ రోజుల్లో నడవడం లేనివాళ్ళ పని. ఉన్నవాళ్ళు బండిలోనో పడవలోనో పల్లకీలోనో వెళ్ళేవారు. వాళ్ళు నేల మీద కాలు పెట్టారంటే ఇంట్లో ఏదో కష్టం వచ్చిందనుకుని ఊరు పరామర్శకు బయలుదేరేది. మా అమ్మ అంట్లు తోమే జమీందారుగారి ఇంట్లో ఈ మర్యాద కుక్కకి కూడా వచ్చింది. అది మామూలు కుక్క కాదు మరి. కాలవల మీద అధికారం చేసే దొర సీమకు వెళుతూ, తిరిగొచ్చేదాకా చూస్తూండమని మా బాబుగారికి అప్పగించిన కుక్క. బాబుగారి చేలకు నీళ్ళు పారడానికి కాలవకు ఒక తూము కావాలి, తూము దొర చేతిలో ఉంది. అందుకని దాన్ని కుక్క అనకూడదని ఉత్తరువయింది. దొర పెట్టిన పేరు ఎవరికీ నోరు తిరగక చినబాబుగారు అన్నాం. చినబాబుగారు భోంచేశారా అని వంటాయన పూటపూటా కనుక్కునేవాడు. (మా అమ్మని ఆ మాట అడిగినవాళ్ళు లేరు.)

పొద్దున్న మీగడ, మధ్యాహ్నం నెయ్యి ఓడుతున్న పప్పన్నం, సాయంత్రం సున్నుండలు. ఎనిమిది నెలలకు చినబాబుగారు నాలుగడుగులు వేసి నాలుక వేలాడేసి కూలబడే స్థితికి వచ్చారు. దగ్గర కూర్చుని విసరడం నా పని. నాకప్పుడు పన్నెండేళ్ళు. బాబుగారు కంగారుపడి, దొరల గుర్రాలకు వైద్యం చేసే ముసలి సాయిబుగారిని రాజమండ్రి నుంచి పిలిపించారు. ఆయన దాని డొక్కకు చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

"మందు లేదండి. గుండె చుట్టూ కొవ్వు పట్టింది. రెండు పూటలా నడిపించండి. గుర్రమైనా కుక్కైనా గుండె నిలబడేది కాళ్ళ మీదేనండి."

రెండు మెట్లెక్కి వచ్చిన బాబుగారు ఆయాసం తీర్చుకుంటూ ఈ మాట శ్రద్ధగా విన్నారు. తరవాత నా వైపు తిరిగి, మార్గశిరంలో దొర వస్తాడనీ, ఆలోగా దీనికేమైనా అయితే నేనూ మా అమ్మా పెరట్లో పాక ఖాళీ చేసి పోవాలనీ చెప్పారు. మాకు ఆ పాక తప్ప వేరే నీడ లేదు. మా అమ్మ ఆ సాయంత్రమే రెండు కుండలు కడిగి బోర్లించి, మూట కట్టుకోవడానికి పాత చీర వెతికింది.

నడిపించమన్నారు సరే, దొరగారి కుక్క ఊరకుక్కలా వీధిలో నడిస్తే నలుగురూ ఏమనుకుంటారు? అందుకని చినబాబుగారిని మేనాలో పడుకోబెట్టి, పరదాలు దించి, నలుగురు బోయీలు కాలవగట్టుకు మోసుకెళ్ళాలనీ, అక్కడ నడిపించాలనీ తీర్మానమయింది. అలసట తీరడానికి పరుపు పక్కన సున్నుండల డబ్బా. నేను మేనా పక్కన పరుగు. గట్టు మీద దించితే చినబాబుగారు నాలుగు గడ్డిపరకలు వాసన చూసి, తిరిగి మేనా ఎక్కి డబ్బా ముందు కూర్చునేవారు. నెల తిరిగేసరికి బోయీలు చిక్కారు, నేను చిక్కాను, చినబాబుగారు ఇంకాస్త బరువెక్కారు. సాయిబుగారిలా నేనూ రోజూ చెవి ఆనించి వినేదాన్ని. లోపల తడిబట్ట బండకేసి కొట్టినట్టు వినపడేది.

ఒకనాడు చినబాబుగారు గట్టు మీదికి దిగగానే బోయీల పెద్ద భుజం రుద్దుకుని, "పదండ్రా. దాని గుండె సంగతేమో గానీ ఈ రోజుకి నా గుండె ఆగేలా ఉంది" అని ఖాళీ మేనా ఎత్తించాడు. పాక పోయినట్టేనని నాకు ఏడుపొచ్చింది. ఇంతలో చినబాబుగారు తలెత్తి చూశారు. తన పరుపు, తన పరదాలు, తన సున్నుండలు తనను వదిలి వెళ్ళిపోతున్నాయి. అంతే, పొట్ట నేలకు రాసుకుంటూ వెనకాలే పరుగు.

"ఆపకు తాతా, మెల్లిగా పోనీ" అన్నాను.

ఆ రోజు నుంచి ఊరికి అదొక ఊరేగింపు. ముందు పరదాలు దించిన ఖాళీ మేనా, వెనక చినబాబుగారు, ఆ వెనక నేను. కరణంగారు అరుగు మీంచి లేచి, పైపంచె నడుముకు చుట్టి మేనాకు దండం పెట్టేవారు. చివరికి ఆయనే, ఎన్నిసార్లు దండం పెట్టినా తమరు పరదా తియ్యలేదని బాబుగారి దగ్గర నొచ్చుకోవడంతో విషయం బయటపడింది. బాబుగారు పిలిపిస్తే ఉన్నదంతా చెప్పాను. ఆయన, మేనా ముందు వెళుతోంది కదా, పరదా వేసే ఉంది కదా, అయితే మర్యాదకు లోటు లేదన్నారు.

మార్గశిరంలో దొర పడవ దిగాడు. చినబాబుగారు గట్టు వెంట దౌడు తీసి ఆయన గుండెల మీదికి ఎగిరారు. దొర ముచ్చటపడి, ఎలా పెంచారని అడిగాడు. మేనా దిగడానికే రొప్పుతున్న బాబుగారు, రోజూ నడిపించామని మనవి చేసుకున్నారు. దొర ఆయన పొట్ట వైపు చూసి ఇంగ్లీషులో ఏదో అన్నాడు. ద్విభాషి నేల చూపులు చూసి, "దొరగారు తమరి ఆరోగ్యం అడుగుతున్నారండి" అన్నాడు. తూము వచ్చింది. మా పాక మాకు మిగిలింది. దొర గుర్రం వెంట వెళుతూ చినబాబుగారు ఒక్కసారి వెనక్కి తిరిగి చూశారు. నన్ను కాదు, మేనాను.

ఇప్పుడు నా మనవరాలు నాకు అక్షరాలు నేర్పాక పుస్తకం పట్టుకుని కూర్చోవడం ఎక్కువై, నాకూ ఆయాసం వచ్చింది. రేవుకు వెళ్ళాలంటే మా అబ్బాయి బండి కడతాడు. బండిని ముందు ఖాళీగా పోనిచ్చి, వెనక నేను నడుస్తాను. ఊళ్ళో ఏమనుకుంటారమ్మా అని వాడి బాధ. నిన్న మాత్రం సగం దారిలోనే, ఎవరూ చూడకుండా బండెక్కాను. చినబాబుగారైతే చివరిదాకా నడిచేవారు.