పింగాణీ కప్పు, స్టీలు గ్లాసు

నా చిన్నప్పుడు మేము బాలానగర్‌లో ఉండేవాళ్లం. నాన్న అక్కడి ఫ్యాక్టరీలో ఫిట్టర్. మా గల్లీలో ఇంగ్లీషు మీడియం బడికి వెళ్లేది నేనూ, నా బెంచీ నేస్తమూ ఇద్దరమే కాబట్టి మా దర్జాకు అంతుండేది కాదు. నాకైతే మాట ఎంత పొడుగ్గా ఉంటే అంత గొప్ప ఇంగ్లీషు. హెల్ప్ అంటే తేలికైపోతానని అసిస్టెన్స్ అనేదాన్ని.

ఆ ఏడు నా నేస్తానికి పచ్చకామెర్లు వచ్చాయి. చాలా రోజులు దవాఖానలో ఉండి ఇంటికొచ్చింది గానీ, పాఠాలన్నీ పోయాయి, అందరూ నవ్వుతారు, ఇక బడికి రానని మొండికేసింది. వాళ్ల అమ్మానాన్నలు కూడా సరే మాన్పించేద్దాం అనుకున్నారు. బెంచీ మీద నా పక్కన ఖాళీ చూస్తే నాకు ఏడుపొచ్చేది. ఎలాగైనా దాన్ని రప్పించాలని ఒక అట్టముక్క మీద పూలు గీసి, నాన్న వాళ్ల ఆఫీసరు ఇంటి పెళ్లిపత్రికలోని ఇంగ్లీషు ఎత్తి రాశాను. మా తరగతికి తమరి గ్రేషియస్ ప్రెజెన్స్‌ను సొలిసిట్ చేస్తున్నానని దాని సారాంశం.

గర్వంగా తీసుకెళ్లి పక్కింటి అక్కకు చూపించాను. అక్కది గోదావరి వైపు. పెళ్లయి మా పక్కింట్లోకి వచ్చినప్పటి నుంచి మాకు చదువు చెప్పేది. అట్టముక్క చదివింది, నవ్వలేదు. రోజూ నన్ను వంటింటి గడప మీద కూర్చోబెట్టి స్టీలు గ్లాసులో టీ పోసే మనిషి, ఆ రోజు ముందుగదిలో కుర్చీ వేసి, చుట్టాల కోసం దాచిన పింగాణీ కప్పును సాసరుతో సహా తెచ్చింది. "తీసుకోండి" అంది. సాసరు చప్పుడవుతుందేమోనని తాగలేకపోయాను.

"నేనేం చేసినక్కా? నా మీద కోపమొచ్చిందా?" అన్నాను.

"కోపం ఎందుకే పిచ్చితల్లీ. నువ్వు దానికి ఇస్తున్నదీ ఈ కప్పే. కప్పు మంచిదే, మీ హెడ్ మిస్ వస్తే ఇందులోనే ఇస్తాను. నీకెందుకు చెప్పు?" అంటూ ఆ టీని నా గ్లాసులోకి ఒంపింది.

అట్టముక్క వెనక్కి తిప్పి, 'కమ్ బ్యాక్. ఐ కెప్ట్ యువర్ సీట్' అని మాత్రం రాశాను. ఒకటో తరగతి రాతలా ఉందని కాస్త సిగ్గేసింది కూడా. ఆ సాయంత్రమే వాళ్లింట్లో ఇచ్చొచ్చాను. సోమవారం నా నేస్తం బడికి వచ్చింది. బాగా చిక్కిపోయింది. సంచీ బెంచీ మీద పడేసి "జర జరుగు" అంది. అంత సంతోషం నాకు మళ్లీ ఎప్పుడు కలిగిందో గుర్తులేదు.

ఇప్పుడు హైటెక్ సిటీలో ఉద్యోగం, రిటైర్మెంటుకు దగ్గరపడ్డాను. క్లయింట్లకు రాసేటప్పుడు నేనూ పింగాణీ కప్పే తీస్తాను, తీయాలి కూడా. మొన్న మా టీములో ఒక అమ్మాయి కాన్పు సెలవు ముగుస్తుంటే, అన్నీ మరిచిపోయాను, తిరిగి రావాలంటే భయమేస్తోందని మెసేజ్ పెట్టింది. రిజంప్షన్ ఆఫ్ డ్యూటీస్ అంటూ ఆఫీసు వాళ్లు తయారుచేసిన జవాబు నా పేరుతో పోవడానికి సిద్ధంగా ఉంది. దాన్నంతా చెరిపేసి, ఆ అట్టముక్క వెనక రాసిన రెండు మాటలే మళ్లీ రాసి పంపాను.