పద్నాలుగు ఒంటి బూట్ల నేరం

హెప్సిబమ్మ పిల్లల వార్డులో ముప్పై ఒక్క ఏళ్ళు నర్సుగా చేసింది. ఉద్యోగంలో చేరిన తొలి నెలలోనే ఆమెకు ఒక బుద్ధి వచ్చింది. కడుపునొప్పితో వచ్చిన నాలుగేళ్ళ పిల్లవాణ్ణి మంచమ్మీద పడుకోబెట్టి, ఇక్కడ నొప్పా, ఇక్కడ నొప్పా అని ఒళ్ళంతా తడుముతూ పోయింది. వాడు అన్నిటికీ తలూపాడు. అనుమానం వచ్చి జుట్టు పట్టుకుని అడిగితే అక్కడా నొప్పే అన్నాడు. తెల్లబట్టలు వేసుకున్న పెద్దమనిషి అంత ఆశగా అడుగుతుంటే లేదనడం బాగుండదనుకున్నాడు పాపం. ఆనాటి నుంచి ఆమె పిల్లల దగ్గర “అవునా?” అనే మాట మానేసింది. “ఏమైంది?” అని ఒక్కసారి అడిగి నోరు మూసుకుని కూర్చునేది. మదనపల్లె నుంచి వచ్చిన హెప్సిబమ్మకు నోరు మూసుకోవడం నేర్చుకోవడానికి ఏడాది సాధన పట్టింది.

ఆ నిగ్రహం పిల్లల వరకే. భర్త ఆనందరావుకు చక్కెర జబ్బు. మైసూర్‌పాకు తిన్నావా అని ఆయన్ని వరసగా ఏడుసార్లు అడిగేది. ఎనిమిదోసారికి ఆయన తినని రోజున కూడా తిన్నానని ఒప్పుకుని, కాఫీ చల్లారిపోతోందని బతిమాలుకునేవాడు.

రిటైరయ్యాక బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లోని ఇంట్లో ఊరికే కూర్చోలేక, కౌన్సెలింగులో డిప్లొమా చదివింది. నేరం మోపబడిన పిల్లల కేసులు చూసే బాలల న్యాయమండలి వాళ్ళు, తెలుగు మాట్లాడే పిల్లలెవరైనా వస్తే ఆమెకు కబురు చేయసాగారు. అలాగే ఒక సోమవారం దర్శన్ కేసు ఆమె చేతికొచ్చింది.

దర్శన్‌కు పదకొండేళ్ళు. వాళ్ళ నాన్న నంజప్ప కుందలహళ్ళిలో ఒక అపార్ట్‌మెంటు గేటు పక్కన ఇస్త్రీ బండి పెట్టుకున్నాడు. బడి అయ్యాక పిల్లవాడు ఇస్త్రీ బట్టలు ఇంటింటికీ ఇచ్చి వచ్చేవాడు. ఆ అపార్ట్‌మెంటులో గుమ్మాల ముందు విడిచిన బూట్లు రెండు నెలలుగా మాయమవుతున్నాయి. అదీ జతలుగా కాదు. ప్రతి జతలోనూ ఒక్కటే. అలా పద్నాలుగు. పద్నాలుగోది అసోసియేషన్ సెక్రటరీ ఓబళప్పది కావడంతో విషయం పోలీసుల దాకా పోయింది. మూడో అంతస్తులో ఉండే ఆరేళ్ళ ఏంజెల్, ఇస్త్రీ అన్న బూటు పట్టుకుపోతుంటే చూశానంది. ఓబళప్ప పిల్లవాణ్ణి అసోసియేషన్ ఆఫీసులో కూర్చోబెట్టి సాయంత్రం దాకా అడిగితే వాడూ ఒప్పుకున్నాడు. సాక్షి ఉంది, ఒప్పుకోలు ఉంది. దొంగ ఒంటి బూట్లతో ఏం చేసుకుంటాడన్న ఆలోచన అంత పెద్ద అపార్ట్‌మెంటులో ఒక్కరికీ రాలేదు.

మండలి గదిలో ఎత్తు పీట ఉండదు, నల్లకోటు ఉండదు. మేజిస్ట్రేటు లక్ష్మీదేవి మామూలు చీరలో మామూలు కుర్చీలో కూర్చుని, పిల్లవాడితో మాట్లాడి రెండు వారాల్లో రిపోర్టు ఇవ్వమని హెప్సిబమ్మకు చెప్పింది. బయట నంజప్ప ఆమెకు చేతులు జోడించాడు. “నా కొడుకు మంచోడేనమ్మా. ఏం బుద్ధి పుట్టిందో, తానే చేసినానని చెప్తా ఉండాడు,” అన్నాడు. కన్నతండ్రే నమ్మేశాడన్నమాట.

పక్క గదిలో హెప్సిబమ్మ పిల్లవాడి ముందు వేరుశనక్కాయలు పెట్టి, ఏమైందో చెప్పమంది. దర్శన్ పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకుపోయాడు. పద్నాలుగు బూట్లూ తానే తీశాడు. అన్నీ అమ్మేశాడు. ఎవరికి అమ్మావని అడిగితే కాసేపు ఆలోచించాడు.

“ఒక కాలు ఉండేవాళ్ళకి, అవ్వా.”

నవ్వు ఆపుకోవడానికి హెప్సిబమ్మ ఒక శనక్కాయ ఒలిచి నోట్లో వేసుకుంది. ఆ తరవాత, తన నియమాన్ని తానే తప్పి, కావాలనే ఒక వంకర ప్రశ్న వేసింది. పోయిన ఎండాకాలం మీ బోరు ఎండిపోయిందట, ఆ నీళ్ళన్నీ తాగింది కూడా నువ్వేనా అని గంభీరంగా అడిగింది.

దర్శన్ తల దించుకున్నాడు. “నేనే, అవ్వా.”

ఇప్పుడామెకు నవ్వు రాలేదు. శనక్కాయల పొట్టు పక్కకు నెట్టి, ఆ సాయంత్రం ఆఫీసులో ఏం జరిగిందో మొదటినుంచి చెప్పమంది. వాడు ఆ పొట్టును వేళ్ళతో గిల్లుతూ చెప్పాడు. “తీయలేదంటే మళ్ళీ అడుగుతా ఉండారు. తీసినానంటే అడిగేది నిలిపేసినారు. ఇంటికి పో అన్నారు.”

మర్నాడు ఆమె ఏంజెల్ వాళ్ళింటికి వెళ్ళింది. ఏంజెల్ వాళ్ళమ్మ రూతు ఐటీ ఉద్యోగి, ఇంటినుంచే పని చేస్తోంది. కూతురు సాక్షి అయినందుకు ఆమెకు కొంచెం గర్వంగానే ఉంది. హెప్సిబమ్మ అడక్క ముందే జరిగిందంతా తేదీలతో సహా చెప్పబోయింది. అమ్మా, నువ్వు పక్కన ఉండు గానీ ఒక్క మాటా అనవద్దని హెప్సిబమ్మ ఆమెను సోఫాలో కూర్చోబెట్టింది. తాను నేలమీద బాసింపట్టు వేసుకుని ఏంజెల్‌తో కలిసి గుర్రానికి రంగులు వేయసాగింది. నేను ఆరోజు లేను, నాకేమీ తెలియదు, తెలిసిందల్లా నీకే అని చెప్పింది. పెద్దవాళ్ళు తమకేమీ తెలియదనడం ఏంజెల్ వినడం అదే మొదటిసారి కాబోలు, రంగు పెన్సిలు ఆపి జాలిగా చూసింది.

“ఫస్ట్ నేను డాగ్ అని చెప్పా,” అంది ఏంజెల్. “మమ్మీ, సరిగ్గా ఆలోచించి చెప్పు అంది. మళ్ళీ డాగ్ అన్నా. సెక్రటరీ అంకుల్ కూడా, సరిగ్గా ఆలోచించు, ఇస్త్రీ అన్న కదా అన్నారు. నా ఆన్సర్ రాంగ్ అనుకుని మార్చేశా. అందరూ వెరీ గుడ్ అన్నారు.”

సోఫాలో రూతు చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ డాగ్ ఎటు పోయిందని హెప్సిబమ్మ అడిగింది. జనరేటర్ రూమ్ వెనక్కి అని చెప్పి, ఏంజెల్ గుర్రానికి పచ్చరంగు వేయడంలో మునిగిపోయింది.

హెప్సిబమ్మ ఒక్కతే వెళ్ళలేదు. స్టేషనులో పిల్లల కేసులు చూసే ఎస్సై రాజేశ్‌ను పిలిపించింది. ఓబళప్ప కూడా వెంట వచ్చాడు, ఇదంతా కాలయాపన అంటూ. జనరేటర్ గది వెనక రేకుల కింద ఒక గోధుమరంగు వీధికుక్క ఐదు పిల్లలకు పాలిస్తోంది. చుట్టూ బూట్లు. కొన్నిటికి మడమలు లేవు, కొన్నిటికి నాలుకలు లేవు. ఓబళప్ప నల్లబూటు మాత్రం చెక్కుచెదరలేదు. అందులో ఒక కుక్కపిల్ల తల దూర్చి నిద్రపోతోంది. రాజేశ్ లెక్కపెట్టాడు. పదిహేను తేలాయి. ఆ పదిహేనోది పోయినట్టు ఎవరూ ఫిర్యాదే చేయలేదు. ఓబళప్ప తన బూటు తీసుకోబోతే తల్లికుక్క గుర్రుమంది. ఆయన దాన్ని వదిలేసుకున్నాడు.

మండలి కేసు మూసేసింది. లక్ష్మీదేవి స్వయంగా దర్శన్‌ను దగ్గరికి పిలిచి నీ తప్పేమీ లేదని చెప్పింది. ఓబళప్ప ఇస్త్రీ బండి దగ్గరికి వచ్చి క్షమాపణ అడిగాడు. నంజప్ప పరవాలేదనలేదు. మసిబొగ్గు ఊదుతూ, నాలుగు చొక్కాలు అప్పటికే వరసలో ఉన్నాయని, రేపు రమ్మని మాత్రం అన్నాడు. కొడుకు దగ్గర మాత్రం ఆయన తల ఎత్తలేకపోయాడు. నేనైనా నమ్మాల్సింది కదప్పా అని వాడి వీపు మీద చేయి వేశాడు.

అంతా అయిందనుకుని హెప్సిబమ్మ బస్టాపుకు బయల్దేరుతుంటే దర్శన్ వెనకే వచ్చాడు. వాడి ముఖంలో ఇంకా ఏదో మిగిలే ఉంది.

“అవ్వా, నేను ఒకటి కూడా తీయలేదా? రెండో ఫ్లోర్‌లో నీలం బూటు తీసినట్టు గుర్తుకొస్తా ఉండాది.”

అన్నిసార్లు చెప్పించిన అబద్ధం వాడి తలలో జ్ఞాపకమై కూర్చుంది. హెప్సిబమ్మ భుజం మీది సంచీ కిందికి దించింది. ఆమె లేదు అని కూడా అనలేదు. అలా అంటే, పెద్దమనిషి చెప్పింది కదా అని వాడు దానికీ తలూపుతాడు. బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. ఆమె వాణ్ణి బెంచీ మీద పక్కన కూర్చోబెట్టుకుని, ఆ నీలం బూటు బరువెంత ఉండాది, లేసులు ఏ రంగు, దాన్ని ఏ చేత్తో పట్టుకున్నావు అని నిదానంగా ఒక్కొక్కటే అడిగింది. వాడు ప్రతిదానికీ ఆలోచించాడు. చాలాసేపు తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు.

“తెలీదు, అవ్వా,” అన్నాడు చివరికి. తెలీదనే మాట అన్నందుకు ఎవరూ కోప్పడలేదని కాసేపు చూసి, మరోసారి, ఈసారి కొంచెం గట్టిగా అన్నాడు. “నాకు తెలీదు.”