పద్దెనిమిది ‘చెప్పు’ల కోసం పులివెందులకు

కడుపునొప్పి అని సెలవు చీటీ రాసిచ్చి, శుక్రవారం పొద్దున ఆరున్నరకు ప్రొద్దుటూరు బస్టాండు చేరాను. నలభై నాలుగేళ్ల గుమాస్తా, ఒక రాక్ పాట పాడినాయన్ను చూడ్డానికి పోతున్నానని పై అధికారికి రాయలేడు కదా!

పాట గురించి ముందు చెప్పాలి. పదిహేనేళ్ల కిందట బెంగళూరులో నలుగురు తెలుగు కుర్రాళ్లు బ్యాండు కట్టి, ఒకే ఒక్క పాట చేసి విడిపోయారు. మొదట గిటారు గొణుగుతుంది. తర్వాత డ్రమ్ములు మీద పడతాయి. చివర గాయకుడు గొంతు చించుకుని ‘చెప్పు! చెప్పు!’ అని పద్దెనిమిది సార్లు అరుస్తాడు. లెక్కపెట్టాను. పురోహితుల ఇంట్లో పుట్టి, ఇంతవరకూ ఎవరి మీదా గొంతెత్తని నాకు, నేను పడాల్సిన కోపమంతా ఆయనే పడుతున్నట్టుండేది. లోకాన్ని నిలదీసి నిజం చెప్పమంటున్నాడని నా భాష్యం. ఇంతకీ ఎవరి మీద ఆ కోపం? అది తెలియక ఇన్నేళ్లూ మనసు పీకుతూనే ఉంది. ఈ మధ్య ఫోనులో ఆ పాట కింద ఎవరో, ‘ఇది పాడిన ఓబులేసు ఇప్పుడు పులివెందుల దగ్గర చీనీ (బత్తాయి) తోట చూసుకుంటున్నాడు’ అని రాశారు. ఇక ఆగలేకపోయాను.

పులివెందులకు నేరుగా బస్సుంది. మీరు వెళ్తే అదే ఎక్కండి. నేను చెవుల్లో పాట పెట్టుకుని జమ్మలమడుగు బస్సెక్కాను. ఊరు దాటాక కండక్టరు భుజం తట్టాడు.

“యాడికి సామీ?” అన్నాడు నా నుదుటి బొట్టు చూసి.

“పులివెందుల.”

“ఇది జమ్మలమడుగుకు పోతాండాది. చెవులు మూసుకోని బస్సెక్కితే ఎట్ల?”

ఏడున్నరకు జమ్మలమడుగులో దిగి, చేసిన తప్పుకు పరిహారంగా బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నాను. రెండో ప్లేటు కూడా తిన్నాను. ఎనిమిదింపావుకు ముద్దనూరు మీదుగా పోయే బస్సు దొరికింది. పదిగంటలకు పులివెందుల, అక్కణ్ణుంచి ఆటోలో తోట.

ఓబులేసు చెట్ల పాదుల్లో కూర్చుని నీళ్ల పైపు ఊడదీస్తున్నాడు. బట్టతల, మోకాళ్ల దాకా బురద. మీ అభిమానినన్నాను. వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాడు.

“ఆ పాటా? ఇంగా వింటాండారా?”

“రోజూ వింటాను. ఒక్క సంగతి అడగాలని వచ్చాను. ఆ కోపం ఎవరి మీద?”

ఆయన చేతులు తుడుచుకున్నాడు.

“చెప్పుల దొంగ మీద సామీ.”

“దొంగా?” అన్నాను.

“రికార్డింగు దినం స్టూడియో బయట కొత్త చెప్పులు ఇడిస్తి. నీళ్లు తాగొచ్చేలోగా ఒక చెప్పు మాయం. రెండూ ఎత్తుకపోయింటే అంత కోపం వచ్చేది గాదు. లోపలికి పోయి చెప్పు, చెప్పు అని అరిస్తి. మావోళ్లు అదే బాగుందని పాటలో పెట్టిరి.”

పదిహేనేళ్లుగా నేను నిత్యపారాయణ చేసింది ఒక కాలి చెప్పును! ఆయన ఇంట్లో రాగిసంగటి, చెనక్కాయల ఊరిమిండి పచ్చడి పెట్టారు. బాగున్నాయంటూ తిన్నాను. వచ్చేటప్పుడు సంచీ నిండా చీనీకాయలిచ్చి, “బాధపడాకండి సామీ” అన్నాడు. నా ముఖం అంత వాడిపోయి ఉంటుంది.

నాలుగ్గంటల ప్రొద్దుటూరు బస్సును, ముగ్గురిని అడిగి మరీ ఎక్కాను. పక్క సీట్లో ఒక అవ్వ, ఒళ్లో ప్లాస్టిక్ కవరు నిండా కాగితాలతో కూర్చుని ఉంది. ముద్దనూరు దాకా పాట పెట్టడానికి ధైర్యం చాల్లేదు. ఇక ఇది నచ్చకపోతే నా దగ్గర వేరే కోపమంటూ లేదు. చివరికి పెట్టాను. మొదటి ఆరు ‘చెప్పు’లకూ కళ్లముందు చెప్పే కనిపించింది. ఏడో దానికి మామూలుగానే ఒళ్లు వేడెక్కింది. హమ్మయ్య అనుకున్నాను. ఆ సంతోషంలో పద్దెనిమిదోది నా నోట్లోంచి కూడా వచ్చింది, గట్టిగా. ముందు సీట్లవాళ్లంతా వెనక్కి తిరిగి చూశారు.

కండక్టరు వంగి సీటు కిందకి చూశాడు. “చెప్పు పోయిందా సామీ?”

“చెప్పు గాదులేప్పా, నన్ను చెప్పమంటాండాడు” అని అవ్వ నావైపు తిరిగింది. “ఏం జెప్పల్ల నాయనా! గాలికి అరటి తోటంతా పడిపాయ. నష్టం రాపిచ్చుకుందామని మూడుతూర్లు ఆపీసుకు పోతి. కూచోమంటారు. నీ కతేందవ్వా, చెప్పు అని ఒక్కడూ అడగల్యా. నువ్వడిగితివి.”

చెవుల్లోంచి వైర్లు తీసేశాను. ప్రొద్దుటూరు వచ్చేదాకా ఆమె చెప్తూనే ఉంది. గెలలు ఎంత దిగాయో, గాలి ఎటు తిరిగిందో అన్నీ చెప్పింది. నాకు శానా సిగ్గేసింది.

పులివెందుల చీనీలు తీపిగా ఉన్నాయి. ఉగ్గాని మాత్రం జమ్మలమడుగులోనే తినండి. ఇక నా సంగతి: ఆఫీసులో నా బల్ల ఎదురుగా ఒక బెంచీ ఉంది. కాగితాలు పట్టుకుని వచ్చేవాళ్లతో నేను రోజూ అనే మాట ఒక్కటే, ‘కూర్చోండి’. పదిహేనేళ్లుగా ఓబులేసు నా తరఫున అరుస్తున్నాడనుకున్నాను. ఆ పద్దెనిమిదీ నా మీదే.