ఇరవై ఇళ్ల లెక్క

నాలుగేళ్లకు పైగా మా ఇంట్లో పొద్దున్న అలారం పెట్టుకునే అవసరం రాలేదు. సరిగ్గా ఆరు గంటలకు కింది క్వార్టర్‌లో టీవీ మోగేది. తెలుగులో ప్రార్థన గీతాలు, అరగంట. మా నేలే వాళ్ల పైకప్పు కాబట్టి పాట గచ్చులోంచి మెల్లగా పైకి వచ్చేది. మాటలు స్పష్టంగా వినపడేవి కావు, రాగం మాత్రం తెలిసేది. రెండో పాటకు నేను లేచేవాణ్ని, మూడో పాటకు మా ఆవిడ పొయ్యి వెలిగించేది.

అది భిలాయి సెక్టర్ ఏడు, స్టీల్ ప్లాంటు వాళ్ల రెండంతస్తుల క్వార్టర్లు. కింద ఉండే పెద్దావిడను నేను పిన్నీ అని పిలిచేవాణ్ని. శ్రీకాకుళం వైపు మనిషి. భర్త రైల్వేలో గ్యాంగ్‌మన్, భిలాయి-3 స్టేషన్ దగ్గర ముప్పై ఏళ్లు ఉన్నారు. ఆయన పోయాక కొడుకు దగ్గరికి వచ్చేసింది. కొడుకు ప్లాంటులో షిఫ్టులకు వెళ్లేవాడు, కోడలు ఆసుపత్రిలో నర్సు, మనవలకు హిందీ వచ్చినట్టు తెలుగు రాదు. పిన్నికి రెండు కళ్లూ మసకబారాయి. మోకాళ్లు పనిచెయ్యక గుడికి కూడా వెళ్లలేకపోయేది. టీవీని ఆమె చూసేది కాదు, వినేది. పొద్దున్న పాటలు, సాయంత్రం ఏడింటికి తెలుగు వార్తలు, ఆ తర్వాత ఒక ధారావాహిక. రోజు మొత్తంలో ఆమె చెవిన తన భాష పడేది దాదాపు అంతే.

ఆ తెలుగు ఛానల్ మా వీధికి రావడానికి కారణం నేను. అందుకే ఇది రాస్తున్నాను.

నేను పదో తరగతితో బడి మానేశాను. లెక్కలు ప్లాంటులో వ్యాగన్లు తూచే వేబ్రిడ్జి దగ్గర, పాత పుస్తకాల్లో, నా అంతట నేను నేర్చుకున్నాను. సెలవులు ఎన్ని మిగిలాయో, ట్యాంకులో నీళ్లు ఎన్ని రోజులు వస్తాయో, పిల్లాడికి బడిలో చేర్చే వయసు ఎప్పుడు నిండుతుందో తెలుసుకోవడానికి చుట్టుపక్కల తెలుగువాళ్లు నా దగ్గరికి వచ్చేవారు. పిన్ని నన్ను తూకం బాబూ అని పిలిచేది.

భిలాయి కొత్త రాష్ట్రంలోకి వెళ్లిన మరుసటి సంవత్సరం అనుకుంటాను, కేబుల్‌లో ఒక తెలుగు ఛానల్ వెయ్యమని అడగడానికి రిసాలిలో ఉన్న ఆపరేటర్ దగ్గరికి వెళ్లాను. మంచివాడే. అందరూ అతన్ని భయ్యా అనేవారు. ఒక తెలుగు ఛానల్ వేస్తే ఇంకో ఛానల్ తియ్యాలి, మిగతావాళ్లు గొడవ చేస్తారు, ఎన్ని ఇళ్లు ఉంటే న్యాయం అంటారో మీరే చెప్పండి అన్నాడు. అక్కడే కూర్చుని లెక్క వేశాను. అతని లైను మీద ఉన్న ఇళ్లను ఛానళ్లతో భాగిస్తే ఒక్కో ఛానల్‌కు సుమారు పది ఇళ్లు. పది అని చెబితే మరీ మనవాళ్ల పక్షం వహించినట్టు ఉంటుందని దాన్ని రెట్టింపు చేశాను. ఇరవై ఇళ్లకు తగ్గితే తీసెయ్యవచ్చు అని కాగితం మీద రాసి సంతకం చేసి ఇచ్చాను. వారం తిరక్కుండా ముప్పై ఒక్క ఇళ్ల జాబితా పట్టుకెళ్లాను. ఛానల్ వచ్చింది. ఆ ఆదివారం పిన్ని మా ఇంటికి చేపల పులుసు పంపింది.

కేబుల్ ఎప్పుడూ సరిగ్గా ఉండేది కాదు. మన ఇంట్లో కరెంటు ఉన్నా, దారిలో ఏ స్తంభం మీదో ఉన్న పెట్టెకు కరెంటు లేకపోతే బొమ్మ పోయేది. చెట్టు కొమ్మ విరిగితే తీగ తెగేది. ఇంతలో ఇంటి మీద చిన్న పళ్లెం పెట్టుకుని నేరుగా ఆకాశంలోంచి ఛానళ్లు తెచ్చుకునే పద్ధతి వచ్చింది. మా అమ్మాయి అప్పుడు తొమ్మిదో తరగతి. జంతువులు, సముద్రాలు, నక్షత్రాల గురించి చెప్పే ఛానళ్లు దానికి కావాలి. అవి కేబుల్‌లో చుక్కల వాన మాదిరి వచ్చేవి. నేను తొందరపడలేదు. మూడు నెలలు జేబు డైరీలో రాశాను, ఏ రోజు ఎంతసేపు కేబుల్ పోయిందో. తొంభై రెండు రోజుల్లో ముప్పై నాలుగు రోజులు ఏదో ఒక వేళ ఆగింది.

మారే ముందు ఇంకో లెక్క కూడా చూశాను. రిటైరై కొందరు, బదిలీ అయి కొందరు పోగా జాబితాలో ఇరవై నాలుగు ఇళ్లు మిగిలాయి. నేను వెళ్లిపోతే ఇరవై మూడు. ఇంకా మూడిళ్లు ఎక్కువే ఉన్నాయి. పిన్నికి ఏ ఇబ్బందీ రాదు. అలా తేల్చుకున్నాకే పళ్లెం పెట్టించాను.

పెట్టించాక చాలామంది వచ్చి చూశారు. బొమ్మ బాగుంది అన్నారు. నా డైరీ అడిగి తీసుకుని తిరగేశారు. నాకు లోపల కొంచెం గర్వంగానే ఉండింది, దాచడం ఎందుకు.

వానాకాలం మొదట్లో ఒక పొద్దున్న నాకు ఆరూముప్పావుకు మెలకువ వచ్చింది. కింద చప్పుడు లేదు. పిన్నికి ఒంట్లో బాగులేదేమో అనుకున్నాను. మర్నాడూ అంతే. మూడో రోజు దిగి వెళ్లాను. ఆమె టీవీ ముందు పీట మీద కూర్చుని రిమోట్ వేళ్లతో తడుముతోంది. ఏదో హిందీ సినిమాలో ఎవరో పోట్లాడుకుంటున్నారు.

"బాబూ, పాట రాటం నేదు," అంది. "కళ్లు కనపడక నానేటైనా తప్పు మీట నొక్కీసినానేటి? మూడు దినాల నుంచి అన్నీ నొక్కుతున్నాను."

నేను రిమోట్ తీసుకుని ఒక్కో ఛానలూ మార్చాను. తెలుగు ఛానల్ ఉండవలసిన చోట హిందీ సినిమాల ఛానల్ ఉంది. కనుక్కుని చెబుతానని బయటికి వచ్చేశాను. తప్పు ఆమెది కాదని అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

రిసాలి వెళ్లాను. ఆపరేటర్ కుర్చీ వేశాడు. సొరుగులోంచి నా కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. నాలుగేళ్లు జాగ్రత్తగా దాచాడు. నా తర్వాత ఆరిళ్లు కేబుల్ తీసేశాయట. ఇప్పుడు పదిహేడు.

"ఆప్ హీ గిన్‌కే దియే థే, బాబూజీ," అన్నాడు. మీరే లెక్క పెట్టి ఇచ్చారు కదా అని. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగా అసలు లెక్క పదేననీ, ఇరవై అని నేనే పెంచి రాశాననీ చెప్పాను. అతను కాగితం మళ్లీ సొరుగులో పెట్టాడు. మీరు సంతకం చేసిన కాగితం మిగతా వీధులవాళ్లకు చూపించే నాలుగేళ్లు వాళ్లను ఆపాను, ఇప్పుడు అదే కాగితం చూపించి వాళ్లు సినిమాల ఛానల్ అడిగారు, ఇచ్చేశాను, ఇక వెనక్కి తీసుకోలేను అన్నాడు. నేను అతని చోట ఉన్నా అదే అనేవాణ్ని.

ఆ సాయంత్రం ఆరిళ్లకూ వెళ్లాను. నేను తిరిగి కేబుల్‌లో చేరతాను, ఇంకో ఇద్దరు వస్తే ఇరవై అవుతాయి, అప్పుడు గట్టిగా అడగవచ్చు అన్నాను. ఇద్దరు నవ్వి ఊరుకున్నారు. ముగ్గురు చూద్దాం అన్నారు. ఆరో ఇంట్లో నాతో పాటు వేబ్రిడ్జి దగ్గర పనిచేసే మనిషి టీ ఇచ్చి అన్నాడు:

"గురువుగారూ, మేం బొమ్మ చూసి మారామనుకున్నారా? మీరు మూడు నెలలు డైరీ రాసి మారారని మారాం. మీ లెక్క ఉండగా మాకు వేరే లెక్క ఎందుకు?"

వ్యాగన్ పక్కన దాని ఖాళీ బరువు రంగుతో రాసి ఉంటుంది. పనిలో కొత్తగా చేరినవాళ్లు ఆ అంకెను నమ్మి, మొత్తం బరువులోంచి తీసేస్తారు. అడుగున గట్టిపడిన ముడిఖనిజం ఎంత ఉందో అది చెప్పదు. ఖాళీ వ్యాగన్‌ను కూడా తూచి చూడాలి. ఇరవై ఏళ్లుగా కుర్రాళ్లకు నేను చెప్పే మొదటి పాఠం అదే. జాబితాలో నా ఇంటి పక్కన ఒకటి అని రాసి ఉంది. నేను దాన్ని తూచలేదు.

పిన్ని దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. నువ్వు ఏ మీటా తప్పు నొక్కలేదు, తప్పింది నా లెక్క అన్నాను. ఆమె చెంగుతో రిమోట్ తుడిచి పక్కన పెట్టింది.

"నీ నెక్క తప్పితే ఇంకేటుంది బాబూ, స్టీలు పేంటు ఆగిపోద్ది," అంది. నవ్వించడానికే అంది. నాకు నవ్వు రాలేదు.

ఆ ఆదివారం పళ్లెంతో పాటు ఇచ్చిన మా డబ్బా వెనక చూస్తే రెండో టీవీకి తీగ పెట్టుకునే చోటు ఉంది. పన్నెండు మీటర్ల తీగ తెచ్చి, కిటికీలోంచి గోడ వెంట కిందికి దింపి, పిన్ని టీవీకి కలిపాను. అలా చెయ్యవచ్చునో లేదో కంపెనీవాళ్లను అడగలేదు. ఆమె ఏ మీటా వెతకనక్కరలేదు, టీవీ వేస్తే చాలు. కాకపోతే పైన మేం ఏది పెడితే కింద అదే వస్తుంది. పొద్దున్న ఆరింటికి ముందే మా డబ్బా వెలిగించి తెలుగు ఛానల్ పెట్టి ఉంచాలి. మా టీవీ వెయ్యక్కరలేదు. అప్పుడు కొన్నాను మా ఇంటికి మొదటి అలారం గడియారం. ఐదూ యాభైకి లేచి డబ్బా మీట నొక్కి మళ్లీ పడుకునేవాణ్ని. ఆకుపచ్చ దీపం వెలిగేది. పది నిమిషాల్లో గచ్చులోంచి పాట వచ్చేది. నేను రాత్రి షిఫ్టులో ఉన్న రోజుల్లో మా ఆవిడ నొక్కేది.

సాయంత్రాలు మాత్రం కుదరలేదు. ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా తెలుగు ఛానల్ మార్చకూడదని ఇంట్లో చెప్పాను. మా అమ్మాయి ఒప్పుకుంది. కానీ దానికి కావలసినవీ ఆ వేళకే వచ్చేవి. నాలుగో రోజు వార్తల మధ్యలో మరిచిపోయి మార్చేసింది. కాసేపటికి పిన్ని కొడుకు పైకి వచ్చాడు. ఫిర్యాదు చెయ్యడానికి కాదు, నన్ను అమ్మ పిలుస్తోందని చెప్పడానికి.

దిగి వెళ్లాను. టీవీ ఆపేసి ఉంది.

"సముద్రంలో పెద్ద సేప గురించి ఎవుడో ఇంగిలీసులో సెప్తన్నాడు," అంది. "మీ పాప సూస్తన్నాదేటి?"

అవును, తప్పయింది, ఇక మార్చదు అన్నాను.

"తప్పేటి. సదువుకునే పిల్ల. నాకు పొద్దుటి పాట సాలు బాబూ. సాయంత్రం దానికొగ్గీ."

వద్దన్నాను. వార్తలు, ధారావాహిక, అవన్నీ ఎలా అన్నాను. ఆ కథలో అత్త ఇప్పుడప్పుడే చావదులే, ఆర్నెల్ల తర్వాత విన్నా అక్కడే ఉంటుంది అంది. ఇంకెంత చెప్పినా వినలేదు. మర్నాటి నుంచి ఏడింటికి ఆమె టీవీ వెయ్యడమే మానేసింది.

పైకి వచ్చి అమ్మాయికి ఆ సంగతి చెప్పాను. అది తర్వాత పదో తరగతి అయ్యేదాకా తన ఛానళ్లు తను చూసుకుంది. సౌండ్ మాత్రం బాగా తగ్గించి, టీవీకి దగ్గరగా జరిగి కూర్చుని చూసేది. కళ్లకు మంచిది కాదని వాళ్లమ్మ కేకలేసినా వెనక్కి జరిగేది కాదు. ఆ వేళ కింది నుంచి గిన్నెల చప్పుడు, మనవలు హిందీలో వాదులాడుకోవడం పైకి వినపడేవి. పిన్ని గొంతు వినపడేది కాదు.